పాతరలోకి పిలుపు

మొన్న టీవీలో ఎక్కడిదో భూకంపం చూపించారు. మంచు కొండల కింద ఊళ్ళు, ఒరిగిపోయిన మేడలు, దుప్పట్లు కప్పుకుని రోడ్డు పక్కన కూర్చున్న పిల్లలు. రాళ్ళకుప్ప మీద నిలబడ్డ ఒకాయన చెయ్యి పైకెత్తాడు. మట్టి తోడే యంత్రాలన్నీ ఆగిపోయాయి. ఆయన బోర్లా పడుకుని, ఒక సందులోకి నోరు పెట్టి ఏదో అరిచాడు. తర్వాత అదే సందుకు చెవి ఆనించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"అవ్వా, అందరూ ఎందుకు గమ్మునైపోయినారు?" అని అడిగాడు నా మనవడు.

"లోపల ఉండేటోళ్ళు పలుకుతారేమోనని."

"పలక్కపోతే?"

"మళ్ళా పిలుస్తారు," అన్నాను. నీళ్ళు తాగే నెపంతో లేచి వంటింట్లోకి పోయాను. వాళ్ళ భాష నాకు రాదు. కానీ ఆ మనిషి ఏమని అరిచాడో నాకు బాగా తెలుసు. మా ఇంటి ముందర, పాతర మీద, ఆ మాట వింటూనే నేను పెరిగాను.

నంద్యాలలో పుట్టి పెరిగిన నా మనవడు పాతర అంటే ఎరగడు. మా ఊరు శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఉండేది. బస్సు దిగి నల్లరేగడి చేల మీదుగా నడవాలి. వాన పడిందంటే చెప్పులు చేతిలో ఉండేవి, చేను కాళ్ళకు అంటుకుని ఇంటిదాకా వచ్చేది. ఊళ్ళో ఎదురెదురుగా రెండు మట్టి మిద్దెలు. ఒకటి మాది, ఒకటి మా పెదనాయనది. నడుమ వీధిలో, ఒక పెద్ద నాపరాయి కింద, రెండిళ్ళకూ కలిపి ఒకే పాతర. మూతి ఇరుకైన, రెండు నిలువుల లోతు చీకటి గుంత అది. లోపల చుట్టూ ఎండుగడ్డి పేర్చి, కోతలయ్యాక జొన్నలు నింపి, పైన మళ్ళీ గడ్డి, మట్టి కప్పి బండ మూసేవాళ్ళు. జొన్నలు అందులో చల్లగా ఏడాది నిలవుండేవి. కరువుకని దాచినవి ఇంకా ఎక్కువే ఉండేవి.

పాతర జొన్నలకు ఒక వాసన ఉండేది. పులిసిన గంజి, తడిసిన గడ్డి, పాత మట్టి అన్నీ కలిసిన వాసన. పట్నం చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన తగిలితేనే ఆకలి లేచేది. ఆ పిండితో కాల్చిన రొట్టె మీద శెనిక్కాయల ఊరిబిండి, ఇంత వెన్నపూస పెట్టుకుని తింటే, ఇంకో రొట్టె పెట్టమని అడగడానికి సిగ్గేసేది కాదు. ఇప్పుడు ఎన్ని బజార్లు తిరిగినా ఆ వాసన దొరకదు. దొరుకుతుందనే ఆశ కూడా నాకు లేదు.

పాతరకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. తెరిస్తే మొత్తం తీసెయ్యాలి. సగం తీసి మళ్ళీ మూస్తే మిగిలినవి బూజు పడతాయి. ఇంకోటి, లోపలి చెడ్డగాలి. బండ తియ్యగానే దిగకూడదు. తాడుకు వేపమండలు కట్టి కిందికీ పైకీ ఆడించాలి, తర్వాత దీపం దించి చూడాలి. దీపం ఆరిపోతే మనిషి ప్రాణమూ అంతే. దిగినవాడి నడుముకు మోకు కడతారు. ఆ మోకు పైన ఒకడు పట్టుకుంటాడు. పట్టుకుని ఊరికే నిలబడితే చాలదు. కాసేపటికొకసారి లోపలికి వంగి "ఉండావా?" అని అడగాలి. కిందివాడు "ఉండా" అనాలి. జవాబు రాకపోతే ఇంకేమీ ఆలోచించకుండా లాగెయ్యాలి.

మా పాతరలోకి దిగేది ఎప్పుడూ పెదనాయనే. మోకు పట్టేది మా నాయన. చిన్నప్పటినుంచీ అంతేనట. "మోకు మీ నాయన చేతిలో ఉంటే నాకు భయం ల్యా పాపా. వానికి పంతం జాస్తి. పట్టుకున్నెది ఇడ్చడు," అని నవ్వేవాడు పెదనాయన.

అట్లాంటి అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాటలు మానేశారు. పొలం కోసం కాదు, గట్టు కోసం కాదు, ఎద్దుల కోసం.

నాయన మా ఊరి బడిలోనే పంతులు. జెండా పండగ ముందురోజు తాడు సరిగ్గా జారుతుందో లేదో తానే లాగి చూసుకుంటే తప్ప నిద్రపోని మనిషి. ఆ ఏడు తిరునాళ్ళలో, బండలాగుడు పందేలకు ఆయన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. చెర్నాకోల ఆడించొచ్చు గాని ముల్లుగర్ర ఎద్దుకు తగలకూడదని కట్టుబాటు. పెదనాయన ఎద్దులు అందరికన్నా ఎక్కువ దూరం లాగాయి. ఊరంతా ఈలలు. నాయన లేచి నిలబడి, "ముల్లుగర్ర తగిలింది. ఈ జత లెక్కలేకి రాదు," అన్నాడు.

"యాడ తగిలింది రా?" అన్నాడు పెదనాయన.

"కుడెద్దుకు, తొడ మీద."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

పెదనాయన తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. "సొంత అన్నను నలుగుర్లో కాదన్నోడివి, నువ్వేం పిల్లోళ్ళకు దేశం గురించి చెప్తావు రా?"

"అన్న గదా అని ఈడ కండ్లు మూసుకుంటే, రేపు బడిలో ఏ మొగం పెట్టుకోని చెప్పల్ల?" అన్నాడు నాయన.

అంతే. ఆ రోజు నుంచి వీధికి ఈ పక్క నాయన, ఆ పక్క పెదనాయన. వాళ్ళమ్మ, మా జేజి, పొద్దున మా ఇంట్లో సంగటి, సాయంత్రం వాళ్ళింట్లో రొట్టె తినేది. ఇద్దరి మధ్యా మాటలు మోసే పని నాకు పడింది. ఎదురెదురు అరుగుల మీదే కూర్చుంటారు. "పాపా, మీ నాయనతో చెప్పు, కాలవకు నీళ్ళు ఇడిచినారంట," అంటాడు పెదనాయన. నాయన వింటూనే ఉంటాడు. అయినా నేను వీధి దాటి పోయి, ఆ మాట మళ్ళీ చెప్పాలి. "ఇన్యాలే అని చెప్పు," అంటాడు నాయన. నేను మళ్ళీ వీధి దాటాలి. ఊరికే ఎందుకు తిరగాలని మధ్యలో సొంత సరుకు కూడా కలిపేదాన్ని. "పాపకు బొరుగుల ఉండలు కొనియ్యమన్యాడు పెదనాయన," అని ఇక్కడ, "పాపను కొట్టొద్దని పెద్దమ్మతో చెప్పమన్యాడు నాయన," అని అక్కడ. ఇద్దరికీ అబద్ధమని తెలుసు. అడగాలంటే ఒకరితో ఒకరు మాట్లాడాలి కదా, అందుకని బొరుగుల ఉండలు దొరికేవి.

అట్లా ఉండగా, ఒకనాటి పొద్దున రేడియోలో భూకంపం వార్త వచ్చింది. మరాటీ సీమలో, అందరూ నిద్రలో ఉండగా, ఊళ్ళకు ఊళ్ళు కూలాయని చెప్పారు. ఎంతమంది పోయారో కూడా చెప్పారు. జేజి ఆ అంకె పట్టించుకోలేదు. "ఇండ్లు ఎట్లాంటివంట?" అని మాత్రం అడిగింది.

మరునాడు నాయన పేపరు తెచ్చి బొమ్మ చూపించాడు. రాళ్ళు, మట్టి, నడుమ ఒక దూలం. ఆ దూలానికి ఉట్టి ఇంకా వేలాడుతూనే ఉంది. జేజి పేపరు కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"మన మిద్దె మాదిరే ఉండాది గదరా," అంది.

ఆ మాటతో ఊరికి భయం పట్టుకుంది. అందరూ మంచాలు వీధిలోకి తెచ్చుకున్నారు. పెద్దవాళ్ళ భయం పెద్దవాళ్ళది. పిల్లలకు మాత్రం అది తిరునాళ్ళే. ఎవరి మంచం మీద ఎవరు పడుకున్నారో లెక్క లేదు. వేయించిన శెనగలు దోసిళ్ళు మారేవి. పాతర బండ ఎండకు కాగి వెచ్చగా ఉండేదని, దాని మీద పడుకునేందుకు మేం జుట్లు పట్టుకునేవాళ్ళం. అక్కడెవరో పిల్లలు రాళ్ళ కింద ఉన్నారని తెలిసి కూడా మాకు నవ్వులు ఆగేవి కాదు.

నాయన బడిలో పిల్లలందరినీ నిలబెట్టి మాట్లాడాడు. "మనం వాళ్ళను చూళ్ళేదు. వాళ్ళు మనల్ను చూళ్ళేదు. అయినా వాళ్ళు మనోళ్ళే," అన్నాడు. సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. బియ్యం, పంచెలు, చీరలు, దుప్పట్లు గోతాల్లో పడ్డాయి. పెదనాయన తన అరుగు మీద పెద్ద గంపెడు సన్నబియ్యం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. మేం ఆ ఇంటి దాకా వచ్చాం. నాయన తల తిప్పకుండా పక్కింటికి పోయాడు. చీకటి పడేదాకా ఆ గంప అక్కడే ఉంది. పిచ్చుకలు వచ్చి తింటున్నా పెదనాయన వాటిని తోలలేదు.

ఇదంతా జేజి చూసింది. ఆ రోజు కొడుకులిద్దరికీ వినబడేట్టు వీధి నడుమ నిలబడి మాట్లాడింది.

"చావింటికి ఏం తీసకపోతారు రా? బియ్యం తీసకపోతారా?"

మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తీసుకుపోయి, దగ్గర కూర్చుని, బతిమాలి తినిపిస్తారు. ఎంత పగ ఉన్నా ఆ అన్నం తప్పదు.

"ఆడ ఊరూరే చావిల్లు. వాళ్ళకు పొయ్యి యాడుండాది బియ్యం వండుకోను? రొట్టెలు కాల్చి పంపల్ల. బాగా ఎండబెడితే నెలైనా చెడవు."

మా వీధి చివర సాయిబుల ఇంట్లో ఒకాయన లారీ తోలేవాడు. ఊరందరికీ ఆయన లారీ మామే. "అవ్వ చెప్పేది నిజమే అప్పా. నేను ఆ రోడ్లన్నీ తిరిగినా. వాళ్ళూ జొన్నరొట్టె తినేటోళ్ళే. మీరు కాల్చండి, లారీ నాది," అన్నాడు.

"అన్ని రొట్టెలకు జొన్నలు యాడివి?" అంది మా అమ్మ.

"పాతర తెరవండి," అంది జేజి.

వానల కాలం. ఆకాశంలో మోడం అట్లే నిలబడి ఉంది. పాతరలో ఉన్నది రెండిళ్ళ ఏడాది తిండి. తెరిస్తే మళ్ళీ మూసేందుకు లేదు. తీస్తుండగా వాన దిగిందంటే గుంతలోని జొన్నలన్నీ మురిగిపోతాయి.

"వానొస్తే రెండిండ్లూ పస్తులుండల్ల మా," అన్నాడు నాయన.

"వాన మీదికి తోస్తాండావు గాని, మోకు పట్టల్ల గదా అని నీ బాధ," అంది జేజి. పోయి పాతర బండ మీద కూర్చుంది. అన్నానికి లేవలేదు.

"పాపా, మాయమ్మతో చెప్పు, లేసి తినమని," అన్నాడు పెదనాయన అవతల అరుగు మీద నుంచి.

నేను చెప్పేలోపే జేజి అందుకుంది. "మాటల్లేని ఇల్లు గూడ చావిల్లే. ఈడ పొయ్యెందుకు ఎలిగించల్ల? ఎదురింటోడు మనోడు కానప్పుడు, కనపడని మరాటోడు మనోడు ఎట్లయితాడో ఆ పంతులును చెప్పమను."

నాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. బడిలో జవాబు రాని పిల్లవాడి మొహంలాగే ఉంది. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మరునాడు కొంచెం ఎండ కాసింది. పెదనాయన మోకు తెచ్చి నాయన కాళ్ళ ముందర పడేశాడు. "పాపా, మీ నాయనతో చెప్పు, మోడం కమ్మకముందే తియ్యల్లని."

నాయన పంచె ఎగగట్టుకుని బండకు చెయ్యి వేశాడు. అవతల నుంచి పెదనాయన చెయ్యి వేశాడు. బండ జరిగింది. గుప్పున ఆ వాసన లేచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "అబ్బా" అన్నారు. నాకు అంత గొడవలోనూ నోట్లో నీళ్ళూరాయి.

వేపమండలు ఆడించారు. దీపం దించితే ఆరిపోయింది. మళ్ళీ మండలు ఆడించారు. రెండోసారి దీపం నిలిచింది. పెదనాయన నడుముకు మోకు బిగించుకున్నాడు. కొసను నాయన తన చేతికి చుట్టుకున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెదనాయన గంప పట్టుకుని దిగాడు.

పిలవాల్సింది నాయన. నన్ను మోచేత్తో పొడిచి, "పిలువు," అన్నాడు.

నేను బోర్లా పడుకుని లోపలికి అరిచాను. "పెదనాయనా, ఉండావా?"

"ఉండా," అని వచ్చింది కింద నుంచి.

గంప నిండి పైకొచ్చింది. ఖాళీ గంప దిగింది. మళ్ళీ పిలిచాను, మళ్ళీ పలికాడు. అట్లా చాలా గంపలు పైకొచ్చాయి. మేఘాలు దగ్గరికొస్తున్నాయి. ఆడవాళ్ళు పరుగుల మీద జొన్నలు ఇళ్ళల్లోకి చేరవేస్తున్నారు.

"పెదనాయనా, ఉండావా?"

జవాబు రాలేదు.

ఇంకా గట్టిగా అరిచాను. నా గొంతే గుండ్రంగా తిరిగి నా చెవిలో పడింది. జేజి లేచి నిలబడింది. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన నన్ను పక్కకు నెట్టి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అన్నా!" అని అరిచాడు. "అన్నా, ఉండావా? ఓ అన్నా!"

మోకు బిగిసింది. లారీ మామ కూడా వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగుతుండగా కింద నుంచి నింపాదిగా ఒక గొంతు వచ్చింది.

"ఉండా లేరా. ఎందుకట్ల లాగుతాండావు, నడుము ఇరుగుతాది."

నాయన మోకు వదల్లేదు. అట్లే పట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అందరి ముందూ ఏడ్చాడు, కండ్లు తుడుచుకోలేదు కూడా.

పెదనాయన పైకొచ్చాక జేజి అతని వీపు మీద ఒకటి చరిచింది. "పాప అంత అరుచ్చాంటే చెవులు మూసుకున్నావా నా కొడకా?"

"పాప గొంతు సన్నం మా. ఇనపళ్ళే," అన్నాడు పెదనాయన. అంటూ నా వైపు చూసి కన్ను గీటాడు. నిజంగా కళ్ళు తిరిగాయా, తమ్ముడి గొంతు కోసం కాచుకున్నాడా అన్నది తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆఖరి గంప తీసేసరికి చినుకులు మొదలయ్యాయి. ఇక రెండిళ్ళలోనూ పొయ్యిలు ఆరలేదు. వీధిలోని ఆడవాళ్ళంతా వంతులేసుకుని కూర్చున్నారు. ఎక్కడ చూసినా రొట్టెలు తట్టే చప్పుడే. కాల్చిన రొట్టెలు పొయ్యి చుట్టూ నిలబెట్టి అప్పడాల్లా ఎండబెట్టేవాళ్ళు. నా పని విరిగిన రొట్టెలు ఏరడం. విరగనివి కూడా నా చేతిలో పడ్డాక విరిగేవి. బెల్లం ముక్కతో అవి తింటూ నేను దేశసేవ చేశాను.

నాయనకు మాత్రం ఒక దిగులు. "ఈ వాసనకు వాళ్ళు పారేస్తారేమో మా. చెడిపోయినవి పంపినారనుకుంటారు."

"ఆకలి రుచెరగదు లేరా," అంది జేజి.

గోతాలు లారీకెక్కాయి. పిచ్చుకలు తినగా మిగిలిన ఆ సన్నబియ్యం గంపను నాయన తానే ఎత్తి పైన పెట్టాడు. అన్నదమ్ములిద్దరి మధ్యా కూర్చుని నేను నంద్యాల దాకా పోయాను. మార్కెట్ యార్డులో కోయిలకుంట్ల నుంచి, పగిడ్యాల నుంచి వచ్చిన గోతాలు గుట్టలుగా పడి ఉన్నాయి. పెదనాయన ఆ గుట్టల వంక చూసి, "ఇంతమంది ఉండామా రా మనం!" అన్నాడు. నాయన తలూపాడు.

లారీ మామ తిరిగొచ్చి చెప్పిన సంగతి జేజి బతికినన్నాళ్ళూ చెప్పించుకుంది. అక్కడ ఒక ముసలామె రొట్టె తీసుకుని వాసన చూసిందట. తినలేదు. మళ్ళీ వాసన చూసింది. గట్టిగా ఏడుస్తూ పక్కవాళ్ళను పిలిచింది. చెడిపోయాయని తిడుతుందేమోనని మామ భయపడ్డాడట. ఉర్దూ తెలిసిన ఒకాయన వచ్చి చెప్పాడు. వాళ్ళింట్లోనూ ఇట్లాంటి గుంతే ఉండేదట. ఇల్లు కూలి దాని మీద పడింది. ఇది మా ఇంటి వాసన అంటోందట ఆ తల్లి.

"ఆ యమ్మ తినకుండ కొంగులో కట్టుకునింది అవ్వా," అన్నాడు మామ.

"పిచ్చి ముండ, తినల్ల గదా," అంటూ జేజి కళ్ళు తుడుచుకుంది.

మాటలు కలిశాయి గాని తగాదా తీరలేదు. మళ్ళీ పాతర బండ మీద ఇద్దరూ కూర్చునేవాళ్ళు. "నీ దేశం సల్లగుండ, ముల్లుగర్ర మాత్రం తగల్లే," అనేవాడు పెదనాయన. "తగిలింది," అనేవాడు నాయన. ముసలివాళ్ళయ్యే దాకా అదే మాట. దేశానికి కట్టుబడి ఉండటమంటే ఏమిటని ఎవరైనా పెద్ద పెద్ద మాటలు చెబుతుంటే నాకు వాళ్ళిద్దరే గుర్తొస్తారు. అన్న కోసం కూడా అబద్ధమాడని మనిషి, ఆ అన్న కోసం వీధిలో ఏడ్చిన మనిషి ఒకడే. నాకు తెలిసిన దేశభక్తి అదే.

తర్వాత అందరూ వరికి మళ్ళారు. జొన్న పోయింది. పాతరలో ఎలుకలు, పాములు చేరుతున్నాయని మట్టి పోసి పూడ్చారు. దాని మీదుగా ఇప్పుడు సిమెంటు రోడ్డు పోతుంది. నేను ఊరికి పోయినప్పుడల్లా ఆ చోట కాసేపు నిలబడతాను. ఆటోవాళ్ళు హారన్ కొడతారు.

అన్నదమ్ములిద్దరిలో నాయనే ముందు పోయాడు. మాలో పూడ్చడమే ఆనవాయితీ కాబట్టి మా చేలోనే గుంత తీశారు. ఆడవాళ్ళు రాకూడదన్నా వినకుండా నేను గట్టు మీద నిలబడ్డాను. నాయనను మోకులతో దించుతుంటే, చేతికర్ర పారేసి పెదనాయన వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఎవరో వద్దని చెయ్యి వెయ్యబోతే విదిలించుకున్నాడు.

దించడం అయ్యాక మట్టి వెయ్యబోయినవాళ్ళను చెయ్యెత్తి ఆపాడు. గుంత మీదికి వంగాడు.

"ఉండావా రా?" అన్నాడు.

అందరూ గమ్మునైపోయారు. చేలో గాలి తప్ప ఏమీ వినబడలేదు.

"తగిలింది లేరా," అన్నాడు పెదనాయన. "కుడెద్దుకే."

అని, ఇంకొంచెం సేపు చెవి అటే పెట్టి నిలబడ్డాడు.